రాజ్యాంగమునందు గచ్చిబౌలి
(గచ్చిబౌలిలో చేసిన ఉపన్యాసపాఠము)



రాజ్యాంగమనగా ఢిల్లీలో న్యాయవాదులు చదువుకొను గ్రంథమనియు, మన వీధికి దానితో నిమిత్తము లేదనియు తలచువారు పెక్కుమంది కలరు. అట్టివారికి మేము గచ్చిబౌలిని చూపుచున్నాము. ఇచ్చటి హైదరాబాదు విశ్వవిద్యాలయము రాజ్యాంగమునందలి 371-ఇ అధికరణమునుండి పుట్టినది.

దాని పుట్టుక తేలికైనది కాదు. ఈ సీమ బ్రిటిషు ఇండియాలోనిది కాదు. బ్రిటిషు రెసిడెంటు నీడన నిజాము ఏలిన సంస్థానము. ఇచ్చట ఫర్మానాయే తుదిమాట. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలసెను. 1949 నవంబరు 23వ తేదీన భారతరాజ్యాంగము తన రాజ్యమునకు వర్తించునని నిజామే ప్రకటించెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది గాని, ఉద్యోగములయందును చదువులయందును స్థానికుల హక్కేమను ప్రశ్న తీరలేదు. 1969లో తెలంగాణమున ఆందోళనము చెలరేగెను. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీముకోర్టు తీర్పు చెప్పగా ఆంధ్రప్రాంతము భగ్గుమనెను. రెండు చోట్లను యువకులు ప్రాణములు కోల్పోయిరి.

ఆ మంటలను చల్లార్చుటకు 1973 సెప్టెంబరులో ఆరుసూత్రముల పథకము వచ్చినది. హైదరాబాదున కేంద్రవిశ్వవిద్యాలయ స్థాపన అందలి వాగ్దానములలో నొకటి. 32వ సవరణముచే అది రాజ్యాంగమునకెక్కెను. కేంద్రజాబితా 63వ పద్దులో కాశీ, అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయముల సరసన దీనికిని స్థానము లభించెను. 1974లో పార్లమెంటు శాసనము చేసెను. తొలుత సరోజినీదేవి నివసించిన గృహమున ఆరంభమై, పిదప విద్యాలయము గచ్చిబౌలికి చేరెను.

వాగ్దానము రాజ్యాంగమునకెక్కినది, నేల యెవరిదను వివాదము మాత్రము మిగిలెను. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలోనికి యంత్రములు దిగి చెట్లు కూల్చసాగెను. విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3న సుప్రీముకోర్టు ఆ పనిని నిలిపివేయించెను.

భూమి తమదేయని రాష్ట్రప్రభుత్వపు వాదము. అట్లే యనుకొందము. స్వామ్యము కలదని, అడుగకయే చేయు నధికారము కూడ వచ్చునా? నిజాము తన భూమిని తన యిచ్చవచ్చినట్లు చేసెను. అతడు ప్రజలకు జవాబుదారి కాడు. ప్రజల వోట్లతో వచ్చిన ప్రభుత్వమునకు ఆ మార్గము మూసికొనిపోయినది. ఇట్టి నేలను ముట్టుటకు ముందు హద్దులను, చెరువులను, చెట్లను లెక్కగట్టి, ఆ పటమును బహిరంగముగ ప్రకటించి, జనుల మాట వినుట దాని విధి.

మరియొక విశేషము వినుడు. 2014 జూన్ 2 మొదలు ఈ యూరు తెలంగాణ రాష్ట్రములోనిది. 371-డి అధికరణమును ఆనాడు సవరించిరి. 371-ఇ మాత్రము నేటికిని ఆంధ్రప్రదేశ్ అనియే పలుకుచున్నది. రాష్ట్రములు మారును, ప్రభుత్వములు మారును. రెండు ప్రాంతముల ప్రజలకిచ్చిన మాట మారరాదు. ఆ మాటను కనిపెట్టియుండు బాధ్యత న్యాయస్థానములకు మాత్రమే విడువదగినది కాదు. పఠనమందిరములలో రాజ్యాంగప్రతిని బీరువాలో దాచక బల్లపై నుంచుడని మా మనవి.