బడికి వెళ్ళని విద్యావతి – ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్



జవాబు తెలిసి కూడా నోరు విప్పలేని బిడ్డ ప్రతి బడిలోనూ ఉంటుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆంగ్ల నవలా రచయిత్రిగా, నాటక రచయిత్రిగా కీర్తి గడించిన ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్ అటువంటి బాలికయే. ఆమెకు నత్తి.

ఆమె 1753లో ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో, స్టానింగ్‌ఫీల్డ్ గ్రామంలో, ఒక కాథలిక్కు రైతు ఇంట జన్మించింది. చిన్ననాడే తండ్రి గతించాడు. బడికి పోయే భాగ్యం కలుగలేదు. పుస్తకాలే ఆమెకు గురువులు. నటి కావాలన్న కోరికతో 1772లో ఇంటివారికి చెప్పకుండా లండన్ చేరింది. ఆ సాహసం పిల్లలకు ఆదర్శం కాదు. ఆ తరువాతి కృషి ఆదర్శం. ఆ ఏడే జోసెఫ్ ఇంచ్‌బాల్డ్ అనే నటుని వివాహమాడి, బ్రిస్టల్ రంగస్థలంపై షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’లో కార్డీలియా పాత్ర ధరించింది. నత్తి గల స్త్రీ నటనను వృత్తిగా ఎన్నుకోవడమే ఒక తపస్సు.

1779లో భర్త మరణించాడు. ఆమె నటన మానక, నాటకాలు వ్రాసి నాటకశాలలకు పంపింది. మొదట నిరాకరణలే ఎదురయ్యాయి. 1784లో ‘ఎ మొగల్ టేల్’ ప్రదర్శనకు నోచుకుంది. గాలి బెలూనులో బయలుదేరిన లండన్ వాసులు మొగలు చక్రవర్తి అంతఃపురంలో దిగడం అందలి హాస్యం. రచయిత్రి ఎవరో ప్రేక్షకులకు తెలియదు. తొలి ప్రదర్శనలో తానే ఒక పాత్ర ధరించిన ఆమెకు భయంతో మాట తడబడిందని జీవిత చరిత్రకారుడు వ్రాశాడు. మాట తడబడింది గాని నాటకం గెలిచింది.

1789లో రంగస్థలం విడిచి, రచనకే అంకితమైంది. 1791లో వెలువడిన ఆమె నవల ‘ఎ సింపుల్ స్టోరీ’ తల్లీకూతుళ్ళ కథ. ఆడపిల్లకు సిరిసంపదలకంటె సరియైన విద్య మేలన్నదే దాని సారాంశం. బడి గడప తొక్కని స్త్రీ లోకానికి చెప్పిన మాట అది! 1806 నుండి వెలువడిన ‘బ్రిటిష్ థియేటర్’ 25 సంపుటాలలోని 125 నాటకాలకు ఆమెయే పీఠికలు వ్రాసింది. తాను మితవ్యయంతో జీవించి, ఆర్జనతో అక్కచెల్లెళ్ళను ఆదుకుంది. 1821లో కన్నుమూసింది.

వజ్రోత్సవం జరుపుకొంటున్న ఈ బడిలోనూ వెనుక బల్లపై మౌనంగా కూర్చున్న బిడ్డలు ఉంటారు. వారిని తొందరపెట్టవద్దు, నవ్వవద్దు. చేతికి కాగితం, కలం ఇచ్చి కొంత ఓర్పు వహించండి. నోట పలుకని జవాబు కలం పలుకవచ్చు.