గడువు తీరకముందే ఇల్లు ఖాళీ చేస్తే

(నెలవారీ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడతాననుకుని వచ్చినవారు నన్ను మన్నించాలి. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం అద్దె ఒప్పందాలు. మనలో కొందరు ఇల్లుగలవాళ్లు, కొందరు కిరాయికి ఉన్నవాళ్లు. ఇక్కడ పై పోర్షను అద్దెకిచ్చి, కొడుకు ఉద్యోగం చేసే ఊళ్లో తామే అద్దెకుండేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే సంగతే.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో. పై పోర్షను పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇస్తుంటాను. కోచింగు సెంటర్లు పక్కనే, చిక్కడపల్లి గ్రంథాలయం నడిచి వెళ్లే దూరం. మా వీధుల్లో అద్దెల లెక్క పరీక్షల తేదీలతో నడుస్తుంది. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగాయి. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో వాటిని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఆ వారమే పై పోర్షనులోని కుర్రాళ్లిద్దరూ కిందికి దిగివచ్చారు. "అంకుల్, ఇగ మాతోని కాదు. నాయిన పైసలు పంపుతలేడు. ఊరికి పోతం" అన్నాడు పెద్దవాడు.

ఒప్పందం 11 నెలలకు. ఇంకా ఐదు నెలలుంది. మధ్యలో ఖాళీ చేస్తే రెండు నెలల అడ్వాన్సు తిరిగి ఇవ్వనక్కరలేదని అందులో ఉంది. ఆ వాక్యం రాయించింది నేనే. అడ్వాన్సు ఉంచేసుకున్నాను. పన్నెండో రోజున కొత్తవాళ్లు దిగారు. మా ఆవిడ రెండు రోజులు చూసి, "మిగిలిన నలభై ఎనిమిది రోజులకు మనం ఆ పిల్లలకు ఏమిచ్చామండీ?" అని అడిగింది. జవాబు తోచక ఒక వకీలు మిత్రుడి దగ్గరికి వెళ్లాను.

ఆయన నా కాగితం చూసి నవ్వాడు. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదని మనమంతా నమ్ముతాం. దేశంలో చాలాచోట్ల అది నిజమే. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో, కాలం ఎంతైనా సరే, స్థిరాస్తి లీజు పత్రాలన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. రిజిస్టరు కాని కాగితంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం. అప్పుడు దాన్ని నెలవారీ అద్దెగానే చూస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం దానికి 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. నోటీసు అందిన రోజునుంచి లెక్క. ఈ కత్తికి రెండువైపులా పదునుందండోయ్. ఇల్లుగలాయన కూడా అదే 15 రోజుల నోటీసు ఇవ్వగలడు. అయితే ఖాళీ చేయకపోతే కోర్టుకు వెళ్లాలే తప్ప, సామాను వీధిలో పెట్టకూడదు, కరెంటు తీయకూడదు.

ఒప్పందం రిజిస్టరయితే? అప్పుడు గడువుకు విలువుంటుంది. అయినా రాసిన సొమ్మంతా చేతికి వచ్చేస్తుందనుకోవద్దు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, రాసుకున్న మొత్తం పై హద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో, అది ప్లాటు వేలానికి సంబంధించినదే అయినా, నష్టమే లేనిచోట ధరావతు జప్తు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. నష్టం తగ్గించుకునే వీలు ఉండి కూడా చేతులు కట్టుకు కూర్చున్నవాడికి పరిహారం తగ్గుతుంది. టులెట్ బోర్డు పెట్టకుండా ఐదు నెలల అద్దె అడిగితే ఒప్పుకోరన్నమాట.

నారాయణగూడలో ఉన్న మన సభ్యుడొకరికి దీనికి తిరగేసిన అనుభవం. లిఫ్టులేని మూడో అంతస్తు, భార్యకు మోకాళ్ల ఆపరేషను. ఖాళీ చేస్తానని నోటిమాటగా చెప్పారు. ఎప్పుడు చెప్పారన్నదే తగాదా అయింది. పైగా రంగులకని ఒక నెల అద్దె కోసుకున్నారు. అందుకే నోటీసు కాగితంమీద ఇవ్వండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది; అందినట్టు రుజువు కావాలని అడిగి పంపి, రసీదు దాచండి. తాళాలు ఇచ్చే రోజున మీటరు రీడింగు, గోడల ఫొటోలు తీయించండి. ఒప్పందంలోనే ఒక నెల నోటీసు, రంగుల ఖర్చు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్నవి రాయించండి. వైద్య కారణంతో వెళ్తే కోత లేదని మన వయసువాళ్లు తప్పక అడగాలి. అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని 2021లో కేంద్రం నమూనా చట్టం తెచ్చింది గాని, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే దానికి బలం.

ఆ కుర్రవాడి ఫోను నంబరు ఒప్పందం మీదే ఉంది. నలభై ఎనిమిది రోజుల సొమ్ము పంపించాను. సాయంత్రం ఫోను చేసి, "ఆఖరి నెల కరెంటు బిల్లు పట్టుకోలేదేంది అంకుల్?" అని అడిగాడు. అది నేను మరిచేపోయాను.

నమూనా ఒప్పందం ప్రతులు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.