ఎల్లలు దాటే విద్య

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పావగడ తాలూకా పటాన్ని చూచినవారికి ఒక విశేషం వెంటనే కనబడుతుంది. తుమకూరు జిల్లాలో భాగమై ఉండి కూడా ఈ తాలూకా ఆ జిల్లాలోని మిగిలిన నేలకు ఎడమై, చాలవరకు ఆంధ్రప్రాంతం నడుమ ఒదిగి ఉన్నది. ఒక ప్రక్క మడకశిర, ఒక ప్రక్క హిందూపురం, పెనుకొండ, మరొక ప్రక్క కళ్యాణదుర్గం. ఈ హద్దును నిర్ణయించినది భాష కాదు. మైసూరు సంస్థానానికి, మదరాసు రాజధానికి మధ్య ఏనాడో ఏర్పడిన పాలనారేఖ అది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగిన తరువాత కూడా అది అట్లే నిలిచినది.

సంతకు పోయేవారికి ఆ రేఖ అడ్డురాదు. పెండ్లి సంబంధాలకు అడ్డురాదు. నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి, పావగడ శనిమహాత్ముని గుడికి వచ్చే భక్తులను ఏ రాష్ట్రం వారని అడిగేవారు లేరు. కాని చదువు కోసం బయలుదేరిన బిడ్డను మాత్రం ఆ రేఖ నిలిపి ప్రశ్నిస్తుంది: నీవు ఎక్కడి వాడవు? ఎన్నేండ్లు ఎక్కడ చదివినావు? నీ చదువును ఇక్కడ ఎందుకు ఒప్పుకోవాలి?

ఇది పావగడకు మాత్రమే ఎదురైన ప్రశ్న కాదు. ఇవే మాటలు ఒకనాడు ఐరోపా ఖండంలోని విద్యార్థులకు కూడా ఎదురైనవి. వారు ఆ చిక్కును ఎట్లు విప్పుకొన్నారో తెలుసుకొనుట ఈ శుభసందర్భంలో ప్రయోజనకరం.

చదువు కోసం దేశాలు దాటుట కొత్త విషయం కాదు. నలందకు చీనా యాత్రికులు వచ్చిన సంగతి పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. తెలుగునేల మీద కృష్ణాతీరాన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండినట్లు ఇక్ష్వాకుల కాలపు శాసనాలు చెబుతున్నవి. ఐరోపాలో బొలోన్యా, పారిస్ విద్యాపీఠాలకు మధ్యయుగాలలోనే నానాదేశాల విద్యార్థులు కాలినడకన చేరేవారు. అట్లు పోయే విద్యార్థులకు దారిలోను, పరాయి ఊరిలోను రక్షణ ఉండాలని 12వ శతాబ్దిలో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి శాసనం చేసినాడు. నాడు పండితుల భాష లాటిన్ కనుక ఒకచోట నేర్చినది మరొకచోట చెల్లినది. కాలక్రమాన జాతీయ రాజ్యాలు బలపడినవి. ఒక్కొక్క దేశం తన భాషలో, తన పద్ధతిలో, తన పట్టాలతో విద్యను నడుపుకొన్నది. దానివలన మేలు ఎంత జరిగినదో, గోడలు కూడా అంత ఎత్తుగా లేచినవి.

ఆ గోడను స్వయంగా తాకి చూచిన ఒక విద్యార్థిని కథ ఇక్కడ చెప్పదగినది. ఆమె పేరు సోఫియా కొర్రాది. రోము నగరంలో న్యాయశాస్త్రం చదువుతూ, ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంపై అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయి స్నాతకోత్తర పట్టా పొందినది. 1958లో స్వదేశానికి వచ్చి, తాను అక్కడ చదివినదానిని లెక్కలోకి తీసుకొనవలసినదిగా తన విశ్వవిద్యాలయాన్ని కోరినది. వారు ఒప్పుకొనలేదు, పైగా చిన్నబుచ్చి పంపినారు. ఆమె ఆ అవమానాన్ని వ్యక్తిగత దుఃఖంగా మిగుల్చుకొనలేదు. విద్యావేత్తగా ఎదిగి, ఇటలీ విశ్వవిద్యాలయాధిపతుల సంఘానికి సలహాదారుగా ఉంటూ, 1969 నుండి ఈ ఒక్క విషయం కోసమే పాటుపడినది: పరదేశంలో చేసిన చదువు స్వదేశంలో చెల్లాలి. సుమారు 18 ఏండ్ల తరువాత ఆ కృషి ఫలించినది.

1987లో ఐరోపా సమాజం ‘ఎరాస్మస్’ అనే పథకాన్ని ఆరంభించినది. హాలండు దేశంలో పుట్టి, పారిస్‌లో చదివి, ఇంగ్లండులో బోధించి, బాసెల్ నగరంలో కన్నుమూసిన మానవతావాది ఎరాస్మస్ పేరు దానికి చక్కగా అమరినది. మొదటి ఏడు 11 దేశాల నుండి 3,244 మంది విద్యార్థులు దేశం దాటి చదివినారు. ఆనాటి నుండి నేటివరకు ఆ పథకం వలన లబ్ధి పొందినవారి సంఖ్య కోటిన్నర దాటినది.

ఇంత పెద్ద కార్యం ఎట్లు సాధ్యమైనది? దాని మర్మం ధనంలో కంటె ఏర్పాటులో ఎక్కువగా ఉన్నది. విద్యార్థి బయలుదేరుటకు ముందే ఒక ఒప్పందపత్రం వ్రాస్తారు. దానిపై ముగ్గురు సంతకం చేస్తారు: విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకొనే విశ్వవిద్యాలయం. అక్కడ ఏయే పాఠాలు చదవబోయేది, తిరిగివచ్చిన తరువాత అవి ఇక్కడ దేనికి బదులుగా చెల్లేది అంతా ఆ కాగితంలోనే ఉంటుంది. పోయినచోట బోధనరుసుము కట్టనక్కరలేదు. జీవనవ్యయానికి కొంత ఉపకారవేతనం లభిస్తుంది.

రెండవది కొలమానం. ధాన్యం కొలిచే శేరు ఊరికొక తీరుగా ఉంటే వ్యాపారం సాగదు. చదువుకు కూడా ఒక ఉమ్మడి కొలత కావాలి. అందుకై 1989లో క్రెడిట్ల పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టినారు. ఒక పూర్తి విద్యాసంవత్సరానికి 60 క్రెడిట్లు. పాఠం వినుట, ఇంటివద్ద చదువుకొనుట, పరీక్షకు సిద్ధపడుట అన్నీ కలిపి ఒక్కొక్క క్రెడిట్‌కు 25 నుండి 30 గంటల శ్రమ. ఆ విధంగా ఒక దేశంలో గడించినది మరొక దేశంలో లెక్కకు వచ్చినది. 1998లో ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, బ్రిటన్ దేశాల విద్యామంత్రులు పారిస్‌లో సమావేశమై పట్టాల స్వరూపంలో పొందిక ఉండాలని సంకల్పించినారు. మరుసటి ఏడు, 1999 జూన్ 19న, బొలోన్యాలో 29 దేశాలు ఆ సంకల్పంపై సంతకం చేసినవి.

ఒక మాట ప్రత్యేకంగా గమనించదగినది. ఈ ఏర్పాటు వలన ఏ దేశమూ తన భాషను వదులుకొనలేదు. ఫిన్లండువారు ఫిన్నిష్ భాషలోనే బడులు నడుపుచున్నారు. ఇటలీ బిడ్డ ఇటాలియన్‌లోనే అక్షరాభ్యాసం చేస్తున్నది. మాతృభాషను గట్టిగా నేర్చి, దానిపై మరి ఒకటి రెండు భాషలు చేర్చుకొనుటయే వారి మార్గం. ఆ మార్గంలోను లోటులు లేకపోలేదు. ఉపకారవేతనం అన్ని ఖర్చులకు చాలదు కనుక, కలిగిన ఇంటి బిడ్డలు పోయినంతగా పేద ఇంటి బిడ్డలు పోలేకపోవుచున్నారని అక్కడి పరిశీలకులే ఒప్పుకొంటున్నారు. ద్వారం తెరిచినంత మాత్రాన అందరూ లోనికి పోలేరు. దారిఖర్చు కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి.

ఇక ఈ నేలకు వద్దాము. తెలుగు, కన్నడ ప్రాంతాల మధ్య విద్యాసంచారం ఒకనాడు ఎంత సహజంగా జరిగినదో కొందరి జీవితాలు చెబుతవి. చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడై, ఆ సంస్థానపు విద్యాశాఖకు అధిపతి అయినారు. విదేశాల విద్యావిధానాలను పరిశీలించి వారు చేసిన కృషి 1916లో మైసూరు విశ్వవిద్యాలయ స్థాపనకు తోడ్పడినది. ఆ అనుభవంతోనే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులైనారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918 నుండి 1921 వరకు మైసూరులో బోధించినారు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యపీఠాన్ని అధిష్ఠించినారు.

వీరందరికంటె పావగడకు దగ్గరివారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. పొరుగున కళ్యాణదుర్గం ప్రాంతంలోని రాళ్లపల్లిలో 1893లో పుట్టి, చిన్ననాడే మైసూరు చేరి, పరకాల మఠంలో సంస్కృతం అభ్యసించి, మహారాజా కళాశాలలో 38 ఏండ్లు తెలుగు బోధించినారు. తరువాత తిరుపతిలో అన్నమాచార్య కీర్తనల పరిష్కరణకు, స్వరకల్పనకు పూనుకొన్నారు. కన్నడ రాజధానిలో తెలుగు పండితుడు నాలుగు దశాబ్దాలు గౌరవంగా జీవించినాడనగా, నాడు విద్యకు ఎల్ల లేదనియే అర్థం.

నేటి స్థితి వేరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుననుసరించి ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థలలో 85 శాతం స్థానాలు స్థానిక అభ్యర్థులకు కేటాయించినారు. స్థూలంగా చెప్పాలంటే, అర్హతపరీక్షతో ముగిసే విధంగా వరుసగా 4 ఏండ్లు ఆ ప్రాంతంలో చదివినవారే స్థానికులు. వెనుకబడిన ప్రాంతాల బిడ్డల రక్షణకు పుట్టిన నియమం అది, దానిని తప్పుపట్టనక్కరలేదు. కాని పావగడలో పదవ తరగతి ముగించి, అనంతపురంలో రెండేండ్లు ఇంటర్మీడియట్ చదివిన బిడ్డ ఆ లెక్కలో స్థానికుడు కాజాలడు. ఇటు కర్ణాటకలో వృత్తివిద్యా ప్రవేశాలకు సాధారణంగా 7 విద్యాసంవత్సరాలు రాష్ట్రంలో చదివి ఉండాలన్న నియమం ఉన్నది. నడుమ ఊరు మార్చిన కుటుంబం రెండువైపులా నియమాలు వెదుకుకొనవలసి వస్తుంది. దగ్గరి ఊరిలో కళాశాల ఉన్నదని, బంధువుల ఇల్లు ఉన్నదని చేర్పించిన తండ్రికి, రెండేండ్ల తరువాత ప్రవేశాల సమయంలో గాని ఈ సంగతి తెలియదు. బిడ్డ తెలివికి లోటులేక, కష్టపడుటకు లోటులేక, కేవలం ఎరుక లేక నష్టపోవుట ఎంత బాధాకరం!

అయినను దారులు మూసుకొనిపోలేదు. అనంతపురం సమీపంలో 2018లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఈ ఎల్ల వర్తించదు. అది దేశమంతటి విద్యార్థులది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో డిగ్రీ ప్రవేశానికి 2022 నుండి జరుగుతున్న ఉమ్మడి ప్రవేశపరీక్షను 13 భాషలలో నిర్వహిస్తున్నారు. వానిలో తెలుగు, కన్నడం రెండూ ఉన్నవి. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్ణాటక, తమిళనాడు, కేరళ ప్రభుత్వాల సహకారంతో నెలకొల్పినది. మూడు రాష్ట్రాలు కలిసేచోట, నాలుగు భాషల ఉమ్మడి పీఠంగా అది వెలసినది. పొరుగు రాష్ట్రాలు కలిసి చదువు చెప్పగలవనుటకు అదే సాక్ష్యం.

ఐరోపావారి కొలమానం వంటిది ఈ దేశంలోనూ రూపుదాల్చినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో విద్యా క్రెడిట్ల నిధిని ఏర్పరచినది. ఒక సంస్థలో గడించిన క్రెడిట్లను నిలువచేసుకొని మరొక సంస్థలో చెల్లించుకొనుట దాని ఉద్దేశం. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లోను, తుమకూరు విశ్వవిద్యాలయం 2004లోను ఏర్పడినవి. పావగడ ఈ రెంటి నడుమ ఉన్నది. ఈ రెండు సంస్థలు పరస్పరం ఒక ఒప్పందపత్రం వ్రాసుకొని, సరిహద్దు విద్యార్థికి ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ చదివే వీలు కల్పించినచో, స్థానికతా నియమాన్ని కదలించకుండానే ఎంతో మేలు జరుగును. సరిహద్దు బిడ్డను ప్రత్యేకంగా గుర్తించుట కర్ణాటకకు తెలియని పని కాదు. కాసరగోడు, దక్షిణ సోలాపురం, అక్కలకోట వంటి తాలూకాల కన్నడ మాతృభాషీయులకు ఇక్కడి ప్రవేశాలలో అట్టి వెసులుబాటు ఇదివరకే ఉన్నది. అదే దయాదృష్టి ఉభయ రాష్ట్రాలు పరస్పరం చూపుకొనవలెనని కోరుట అత్యాశ కాదు.

ప్రభుత్వాలు చేయునంతవరకు పాఠశాల, ఇల్లు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. ప్రతి విద్యార్థి ఒకటవ తరగతి నుండి చదివిన ధ్రువపత్రాలు సంవత్సరవారీగా భద్రపరచుట తల్లిదండ్రుల మొదటి బాధ్యత. పదవ తరగతి ముగిసే ముందే ఉభయ రాష్ట్రాల ప్రవేశనియమాలను, ఆ ఏటి ప్రకటనలు చూచి, వివరించే సభ ఒకటి ఏటేటా జరుగవలెను. అందుకు పూర్వ విద్యార్థులకంటె అర్హులు లేరు; ఆ గుమ్మాలు దాటివచ్చినవారు వారే. కన్నడాన్ని పరాయి భాషగా గాక ఇంటి రెండవ భాషగా నేర్పవలెను. ఆంగ్లాన్ని భయం లేకుండ నేర్పవలెను. ఈ రెంటికీ తెలుగు పునాదిగా ఉండవలెను. మూడు భాషలు వచ్చిన పావగడ బిడ్డ ఐరోపా విద్యార్థికి ఏ విధంగానూ తీసిపోడు. 2004 నుండి ఐరోపావారు ఇతర ఖండాల విద్యార్థులకు కూడా ‘ఎరాస్మస్ ముండుస్’ పేర ఉపకారవేతనాలిస్తున్నారు. భారతీయ విద్యార్థులు వానిని ఏటా గణనీయంగా అందుకొంటున్నారు. రేపు ఆ వరుసలో ఈ పాఠశాల బిడ్డ నిలువరాదని ఏ నియమంలోనూ లేదు.

కొర్రాది ఒక్క కాగితం చెల్లలేదని బాధపడి, కోటిమందికి పైగా బిడ్డల కాగితాలు చెల్లేటట్లు చేసినది. ఈ సభలో ఉన్న తల్లులలో, తండ్రులలో అట్టి బాధ పడినవారు లేకపోరు. ఆ బాధను తరువాతి తరానికి దారిగా మలచుటయే ఈ ఉత్సవానికి తగిన కానుక. డెబ్బది అయిదేండ్లుగా ఎల్లమీద దీపం పెట్టిన ఈ పాఠశాల, ఆ దీపాన్ని ఇరువైపులా ప్రసరింపజేయుగాక!