ప్రాచీన జపానీయులు – వారి అక్షరములు

జపానుదేశపు బాలుడు బడిలో అక్షరములు వల్లించుచుండగా చెవియొగ్గి వినిన తెలుగువారికి కొంత విస్మయము కలుగక మానదు. అ, ఇ, ఉ, ఎ, ఒ అని అచ్చులతో ఆరంభించి, క, స, త, న, హ, మ, య, ర, వ అను క్రమమున అతడు హల్లుల వరుసలను చదువును. ఇది మన ఓనమాలకు దూరపు చుట్టమువలె తోచును. అంత దూరపు ద్వీపవాసులకు ఈ క్రమము ఎట్లబ్బెను? ఈ ప్రశ్నను వెంబడించుచు ప్రాచీన జపానీయుల చరిత్రలోని ఒక ముఖ్యఘట్టమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆ దీవులలో మానవజీవనము అతిపురాతనము. సుమారు 16,000 ఏండ్లకు పూర్వమే అచటివారు మట్టికుండలు చేసికొనిరి. ప్రపంచమున దొరికిన మిక్కిలి ప్రాచీనములైన కుండలలో అవి చేరినవి. పచ్చిమట్టిపై త్రాటిని అద్ది చేసిన అలంకారమునుబట్టి ఆ యుగమునకు జోమోన్ యుగమని పేరు వచ్చెను. క్రీస్తుకు కొన్ని శతాబ్దములకు పూర్వము ఆసియాఖండమునుండి వరిసాగును, లోహపుపనియు వచ్చి చేరినవి. పిదప ప్రబలులైన నాయకులకు పెద్ద మట్టిదిబ్బల సమాధులు లేచినవి. ఒసాకా చెంత సకాయి నగరమునందలి దైసెన్ సమాధి సుమారు అర కిలోమీటరు పొడవుగలది. ఇంతటి నిర్మాణము చేసిన జాతికి ఆనాడు సొంతలిపి లేదు.

లిపి చీనాదేశమునుండి కొరియా మీదుగా వచ్చెను. 6వ శతాబ్ది మధ్యమున కొరియాలోని బెక్జే రాజ్యమునుండి బౌద్ధధర్మమును వచ్చెను. అయితే లిపి విషయమున ఒక చిక్కు ఏర్పడెను. చీనాలిపిలో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క మాటకు చెల్లును. ఆ భాషలో విభక్తి ప్రత్యయములు లేవు. క్రియ కర్మకు ముందే వచ్చును. జపానుభాషలోనో, మన తెలుగునందువలెనే, నామముల వెనుక ప్రత్యయములు చేరును. క్రియ వాక్యాంతమున నిలుచును. ఒకరి కొలతకు కుట్టిన అంగీని వేరొకరికి తొడిగినట్లయ్యెను. 712లో దేశపు పురాణగాథలను ‘కోజికి’ అను గ్రంథముగా కూర్చిన యాసుమారో పండితుడు తన పీఠికలోనే ఈ కష్టమును చెప్పుకొనెను. అర్థమునుబట్టి వ్రాసినచో మనసులోని మాట పూర్తిగా అందదు. ధ్వనినిబట్టి వ్రాసినచో గ్రంథము మిక్కిలి పెరుగును.

అయినను వారు స్వభాషను విడువలేదు. అర్థమును ప్రక్కకు పెట్టి, చీనాగుర్తులను కేవలము ధ్వనులకై వాడుటయు అలవరచుకొనిరి. 8వ శతాబ్దిలో కూర్చబడిన ‘మన్యోషూ’ అను సంకలనమున సుమారు 4,500 పద్యములు ఈ పద్ధతి సాయముతో నిలిచినవి. చక్రవర్తుల పద్యములతోపాటు, తూర్పుసీమలనుండి క్యూషూ తీరపు కావలికై పంపబడిన సామాన్యసైనికుల పద్యములును అందు కలవు. తల్లిదండ్రులను, ఆలుబిడ్డలను విడిచిపోవు వారి దుఃఖము వారి మాండలికపు మాటలతోనే నేటివరకు చేరినది.

ఆ శతాబ్దిలోనే దేశమంతటికి ఒక పెనుదుఃఖము వచ్చిపడెను. 735 మొదలు 737 వరకు మశూచి ప్రజలను తుడిచిపెట్టెను. జనులలో నాలుగవవంతో మూడవవంతో నశించియుందురని చరిత్రకారుల అంచనా. అటుపిమ్మట 743లో షోము చక్రవర్తి మహాబుద్ధవిగ్రహ నిర్మాణమునకు ఆజ్ఞ యిచ్చెను. నారా నగరమున తోదాయిజీ ఆలయమందు సుమారు 15 మీటర్ల కంచువిగ్రహము వెలసెను. 752లో దానికి నేత్రోన్మీలనము చేసినవాడు 736లో సముద్రము దాటి వచ్చిన భారతీయభిక్షువు బోధిసేనుడు. ఆయన కుంచెతో కనుపాపలు దిద్దుచుండగా, ఆ కుంచెకు కట్టిన పొడవైన దారములను అచట చేరినవారు పట్టుకొని పుణ్యమున పాలుపంచుకొనిరి. ఆ కుంచె షోసోయిన్ భాండాగారమున నేటికిని భద్రముగా ఉన్నది.

బౌద్ధముతోపాటు సంస్కృతాక్షరవిద్యయు మఠములలో పాదుకొనెను. 806లో చీనానుండి మరలివచ్చిన కూకాయి అను ఆచార్యుడు సిద్ధమాతృకా లిపిని అభ్యసించి తెచ్చెను. 9వ శతాబ్దిలో చీనాగుర్తులను కుదించి జపానీయులు ‘కన’ అను సొంత అక్షరములు కల్పించుకొనిరి. పిదప ఆ అక్షరములను సంస్కృతవర్ణక్రమమున అమర్చిరి. మన క, చ, త, ప వర్గములే అచట క, స, త, హ వరుసలైనవి. పూర్వము ‘స’ వరుస చకారమునకు దగ్గరగాను, ‘హ’ వరుస పకారముగాను పలుకబడెనని పండితుల అభిప్రాయము. బాలుని వల్లెలో మనము వినిన చుట్టరికమునకు మూలమిదియే.

పురుషులు చీనాభాషలో వ్రాయుటయే గౌరవమని తలచుచున్న ఆ దినములలో కనలిపి స్త్రీలకు ఆశ్రయమయ్యెను. 11వ శతాబ్ది ఆరంభమున మురసాకి షికిబు అను అంతఃపుర పరిచారిక ఆ లిపిలోనే ‘గెంజి’ కథను రచించెను. లోకమందలి మహాకావ్యములలో అది నేడు పరిగణింపబడుచున్నది.

గుర్తులు చీనావి, వాటి క్రమము భారతదేశమునది, పలికిన పలుకు మాత్రము జపానీయులది. గొప్పలిపి చేతికి వచ్చినదికదా అని వారు తమ పలుకును చిన్నచూపు చూచియుండినచో, ఇల్లు విడిచి క్యూషూ తీరమునకు పోయిన ఆ కావలివాని మాట ఆనాడే సముద్రపుహోరులో కలిసిపోయియుండెడిది.