ఫారంలో లేని కూర



ఆహారం, పోషణ సబ్జెక్టులో నా పీజీ ప్రాజెక్టు పూర్తయింది. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మీలో రేపు ఇలాంటి ప్రాజెక్టు చేయబోయేవాళ్లు ఉన్నారు కాబట్టి, నేను చేసిన తప్పు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలోని మన యానాది కాలనీల్లో ఆడవాళ్లు ఏం తింటున్నారో రాసుకోవడం నా పని. పద్ధతి తేలికే. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఇవాళ పొద్దున దాకా ఏం తిన్నారు, ఎంత తిన్నారు అని అడగాలి. గిన్నెలు, గరిటెలు చూపించి కొలత రాయాలి. అవి మిరపకోతల రోజులు. తెల్లారకముందే కూలికి పోయేవాళ్ల కోసం సాయంత్రం దాకా ఆగి అడిగాను. అందరిదీ ఒకటే మాట: "అన్నం, పప్పు." నేనూ అదే రాసుకున్నాను.

మూడో రోజు, నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ ఇంటి వెనక నత్తగుల్లలు కనబడ్డాయి.

"పెద్దమ్మా, నిన్న పప్పన్నావు గదా?"

"నువ్వు రాసింది కాలేజీవాళ్లు చదువుతారు గదమ్మా. నత్తలు తిన్నామంటే నవ్వరా?"

నాకు నోట మాట రాలేదు. హాస్టల్లో మీ ఇంట్లో ఏం వండుతారని అడిగితే నేనూ పప్పనే చెప్పేదాన్ని. ఫారం తీసి చూసుకున్నాను. నత్తలకు గడి లేదు. పీతలకు, పరిగెలకు, ఎలుక మాంసానికి గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే.

సిగ్గుతో దాచిన కూర వల్ల లెక్కే తప్పుతుంది. ఎముకతో సహా నమిలే చిన్న చేపలో కాల్షియం ఉంటుంది. చేపలో, మాంసంలో ఉండే ఇనుము ఒంటికి బాగా పడుతుంది, పక్కన తిన్న ఆకుకూరలోని ఇనుమును కూడా పట్టేలా చేస్తుంది. మామూలు పాలిష్ బియ్యం 100 గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటి చోట మన కంచంలోంచి చేపను, నత్తను కాగితం మీద మనమే తీసేస్తే, రేపు చెరువు వేలానికి పోయినప్పుడు ఏం పోగొట్టుకున్నామో చూపించే రుజువు ఉండదు. "వీళ్లకు తిండి గురించి అవగాహన లేదు" అని ఒక్క వాక్యం రాసి ముగిస్తారు.

అందుకే మళ్లీ మొదటి ఇంటి నుంచి తిరిగాను. ముందు మా ఇంట్లో ఏం తింటామో చెప్పి, తర్వాత అడిగాను. అప్పుడు మాటలు వచ్చాయి. చెరువు పాడుకున్నవాళ్లు మమ్మల్ని దిగనివ్వరని ఒకరన్నారు. అందరూ తిన్నాక అడుగున మిగిలిందే నాదని ఇంకొకరన్నారు. పాతదంతా గొప్పదని నేననను. పురుగుమందు కొట్టిన చేలో పట్టిన ఎలుకంటే భయపడాల్సిందే. వారంలో చాలా రోజులు రేషన్ బియ్యం, పచ్చడే. అదీ రాశాను.

బైండింగ్ చేయించిన పుస్తకం కాలేజీలో ఇచ్చిన రోజు ప్రాజెక్టు అయిపోయిందనుకున్నాను. కాలేదు. కాపీ పట్టుకుని కాలనీకి వెళ్లి, వేపచెట్టు కింద కూర్చుని చదివాను. పెద్దమ్మ అడిగింది: "నత్తల దగ్గర ఏం రాశావు?" చదివాను. "ఇంకోసారి చదువు" అంది.

మీరు నాకన్నా బాగా చేయండి. అడిగేముందు అనుమతి తీసుకోండి. ఎవరి పేరూ బయటపెట్టకండి. ఏం తిన్నారని మాత్రమే అడిగి ఊరుకోకుండా, ఎవరు చివర తిన్నారో, ఏది దొరకడం మానేసిందో కూడా అడగండి. కాలేజీకి ఇవ్వకముందే కాలనీలో చదివి వినిపించండి, తప్పులు వాళ్లే దిద్దుతారు. ఫారంలో మన తిండికి గడి లేకపోతే స్కేలు తీసి గీయండి.

జై ఆదివాసీ!