సుద్ద బయటపెట్టిన గీత

ఈ ఉదయం మీతో మోటారు సైకిలు ఇంజను గురించి మాట్లాడాలని ఉంది. పాస్టరుగారికి ఇంజనుతో ఏం పని అని రేడియో ఆపేయకండి. మీలో చాలామంది వాకిట్లో బండి ఉంటుంది. గీత పడని బండిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

2022 ఆగస్టులో ఒక పల్లెలో కూటము ముగించుకొని రాత్రివేళ తిరిగి వస్తున్నాను. నా బండి రిపేరులో ఉన్నందువల్ల మా సంఘ సహోదరుడొకరి హీరో హోండా స్ప్లెండర్ అడిగి తీసుకెళ్లాను. ఆయన తాపీమేస్త్రి. ఆ బండి మీదే పనికి వెళ్తారు, కూతురిని కాలేజీకి దింపేదీ దాని మీదే. ఎల్లుండి ఉదయం దాకా బండితో పని లేదు, ఉంచుకోండి అయ్యగారూ అన్నారు. వాన పడి రోడ్డు తడిగా ఉంది. మలుపులో పోసిన కంకర కుప్పను నేను చూసుకోలేదు. బండి కుడివైపుకు పడింది. దేవుని కృపవలన నాకు మోచేయి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. కాని ఇంజను కుడిపక్కనుండే క్లచ్ కవర్ రాయికి తగిలి గీరుకుపోయింది. లెగ్ గార్డు ఉంది గాని, రాయి దాని కిందినుంచి తగిలింది.

అప్పుడు నా మనసులో వచ్చిన ఆలోచన మీకు దాచకుండా చెప్తాను. ఒక రోజు సమయం ఉంది. రుద్ది, రంగు వేసి ఇచ్చేస్తే ఆయనకు తెలియనే తెలియదు. పైగా ఉన్నదానికంటే బాగా చేసి ఇస్తున్నాను గదా, ఇది మేలే గదా అని కూడా అనుకున్నాను. తప్పును మేలుగా మార్చి చెప్పుకోవడానికి మనకు ఎంతసేపు పడుతుంది?

సెమినరీకి వెళ్లకముందు రెండు వేసవి సెలవులు మా మేనమామ మెకానిక్ షెడ్డులో పనిచేశాను. మెకానిక్‌గా నేను పనికిరానని ఆయన తేల్చేశారు గాని, ఒక అలవాటు మాత్రం నేర్పించారు. దెబ్బ తగిలిన కవర్‌కు రంగు వేసేముందు సుద్ద పెట్టి చూడాలి. మీరూ నేర్చుకోండి, ఖర్చు లేని పని. ఇంజను పూర్తిగా చల్లారాక డీజిలుతో, బ్రష్షుతో జిడ్డంతా వదిలించి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తరువాత దెబ్బ తగిలిన చోట డీజిలు తడి గుడ్డతో అద్ది పావుగంట ఊరుకోవాలి. కిరోసిన్ ఇంకా మంచిది గాని ఇప్పుడు సులభంగా దొరకదు. పక్కన పొయ్యి గాని, బీడీ గాని ఉండకూడదు. ఆపైన పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి సుద్దపొడి రాయాలి. పగులు ఉంటే దానిలో దూరిన నూనె సుద్దలోకి ఊరి నల్లని గీత కనబడుతుంది. పూర్వం రైల్వే కర్మాగారాల్లో చక్రాలను, ఇరుసులను ఈ విధంగానే పరీక్షించేవారు.

సుద్ద రాసి లోపలికి వెళ్లి టీ తాగి వచ్చాను. తెల్లని సుద్ద మీద, కవర్ అడుగు అంచు దగ్గర, వెంట్రుకంత సన్నని గీత. రెండు అంగుళాల పొడవు ఉంటుంది. అది గీరుడు కాదు, పగులు.

ఆ బండి ఇంజనులో పట్టే ఆయిలు మొత్తం ఒక లీటరుకు మించదు. క్లచ్ తిరిగేది ఆ ఆయిలులోనే, పిస్టనుకు, బేరింగులకు జారుడునిచ్చేదీ ఆ ఆయిలే. పగులు మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది. తరువాత వేడికి, అదురుకు పూత విడిచిపెడుతుంది. ఆయిలు కారిపోయి, ఇంజను పట్టేసి, చక్రం తిరగకుండా నిలిచిపోతే వెనుక సీటులో కూర్చున్న ఆడపిల్ల సంగతేమిటి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయము మీలో చాలామంది చదివే ఉంటారు. గట్టితనము లేని గోడకు గచ్చుపూత పూస్తారు. వాన, వడగండ్లు, తుఫాను వస్తే గోడ పడిపోతుంది. మీరు పూసిన పూత ఎక్కడ అని పూసినవారు అప్పుడు అడగబడతారు. ఆ అధ్యాయం మీద నేను రెండుసార్లు ప్రసంగించాను. రెండుసార్లూ పూత పూసేవాడు ఇంకెవరో అనుకొనే ప్రసంగించాను.

ఉదయాన్నే బండి స్టార్టు చేయకుండా తోసుకుంటూ ఆయన ఇంటికి వెళ్లాను. జరిగినదంతా, రంగు ఆలోచనతో సహా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కూర్చొని ఆ గీతను వేలితో తడిమారు. "అయ్యగారూ, నిన్ననే చెప్పుంటే ఇవాళ పనికి ఇంకో బండి చూసుకునేవాణ్ణి గదా," అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆయనను పనికి దింపి, సాయంత్రం తీసుకొచ్చింది నేనే, అదీ పక్కింటివారి స్కూటరు మీద.

మెకానిక్ ఆయిలు తీసి కవర్ విప్పాడు. దాన్ని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి ఆర్గాన్ వెల్డింగు చేయించాను. అది అల్యూమినియం పోత గనుక ఇంటి దగ్గర చేసే పని కాదు. పగులు బోల్టు రంధ్రంలోకి పోయుంటే కొత్త కవర్ కొనడమే మంచిది. వెల్డింగు వేడికి అంచు వంకర పోయిందేమోనని అద్దం పలక మీద పెట్టి చూడాలి. మళ్లీ సుద్ద పరీక్ష కూడా చేయాలి. రెండింటిలోనూ దేవుడు దయ చూపించాడు.

ఇక రంగు సంగతి. లేచిన అంచులను ఆకురాయితో సాపు చేయండి. లోతు గీతలుంటే రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ నింపి గట్టిపడనివ్వండి. 320 నంబరు వాటర్ పేపరుతో పాత రంగు అంచు చేతికి తగలనంతవరకు రుద్ది, తరువాత 600 నంబరుతో నీళ్లు పోస్తూ రుద్దండి. గాస్కెట్ కూర్చునే అంచును మాత్రం ముట్టుకోవద్దు, దానికి టేపు అంటించండి. అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనబడని పొర కడుతుంది, దాని మీద రంగు సరిగా నిలవదు. అందుకే కడిగి ఆరిన వెంటనే ఎచ్ ప్రైమరు వేయాలి. తలుపులకు వేసే ఎనామిల్ వద్దు. ఇంజను వేడిని తట్టుకొనే సిల్వర్ స్ప్రే దొరుకుతుంది. డబ్బాను రెండు నిమిషాలు ఊపి, జానెడు దూరం నుంచి పల్చగా మూడు పూతలు వేయండి, మధ్యలో పది నిమిషాలు ఆగండి. తొందరపడితే జారుతుంది, నాకు ఒకచోట జారింది. ముక్కుకు మాస్కు కట్టుకొని ఆరుబయటే చేయండి. ఒక రోజు ఆరాక కొత్త గాస్కెట్‌తో బిగించి, ఆయిలు పోసి డిప్ స్టిక్ చూసుకొని, మొదట పది నిమిషాలే ఇంజను నడిపి చల్లారనివ్వండి.

బండి అప్పగించినప్పుడు ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఈ పక్క కొత్తగా ఉంటే ఆ పక్క బాగోలేదు అయ్యగారూ. ఎడమ కవర్ మీద మూడేళ్ల క్రితం నేను పడేసినప్పటి గీతలున్నాయి, అదీ వేసిపెట్టండి," అన్నారు. ఆ శనివారం వాళ్ల వాకిట్లోనే కూర్చొని చేశాం. నేను అడగకముందే ఆయన జేబులోనుంచి సుద్దముక్క తీశారు.