పంపకములలో భిన్నముల లెక్క

ఆస్తి పంపకము వచ్చినప్పుడు గ్రామమున జనులు ముందుగా పెద్దలగు మీయొద్దకే వచ్చెదరు. మీ తీర్పు ఎంత ధర్మమైనను, లెక్క తప్పినచో తగవు తరువాతి తరమునకు దిగును. ఆ తప్పు తరచుగా భిన్నముల యొద్దనే దొరలును.

ఒక యింటి సంగతి ఊహింతము. తండ్రి స్వార్జితము 6 ఎకరములు, వీలునామా లేదు. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. పెద్దకుమారుడు తండ్రికంటె ముందే గతించెను. అతనికి ఇద్దరు బిడ్డలు కలరు. వేరు హక్కుదారులు లేరు. నలుగురున్నారు గదా, తలకు ఎకరమున్నర యిత్తమని యొకరందురు. అది తగదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చొప్పున స్వార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగము. గతించినవాని బిడ్డలకు వారి తండ్రి భాగమే. కావున మొదట మూడు వంతులు. మూడవవంతులో సగము ఆరవవంతు. ఆ బిడ్డలకు ఒక్కొక్క ఎకరము. వంతులో వంతు తీయునప్పుడు పై అంకెను పై అంకెతోను, క్రింది దానిని క్రింది దానితోను గుణించిన చాలును.

కూడికకు ఈ పద్ధతి పనికిరాదు. ఆ బిడ్డలలో నొకడు తన భాగమును మేనత్తకు అమ్మెననుకొనుడు. ఆమెకు మూడవవంతు ఉన్నది, ఆరవవంతు వచ్చినది. పైవి కలిపి రెండు, క్రిందివి కలిపి తొమ్మిది, తొమ్మిదింట రెండు వంతులని వ్రాయువారు కలరు. అది ఎకరమును మూడవవంతు మాత్రమే! సొమ్మిచ్చి కొనిన పిమ్మట, ఉన్న రెండెకరములు తగ్గునా? అణాలను రూపాయలను ఒక్క జాతిగా మార్చక కలుపుదుమా? మూడవవంతనగా రెండు ఆరవవంతులు. దానికి ఒకటి చేర్చిన మూడు ఆరవవంతులు, అనగా సగము, 3 ఎకరములు.

ఇక సెంట్లు. ఎకరమును ముగ్గురికి 33 సెంట్ల చొప్పున వ్రాసినచో ఒక సెంటు, అనగా 48.4 చదరపు గజములు, ఎవరికిని చెందక గట్టు తగవై మిగులును. తెలంగాణమున 40 గుంటలును మూటికి సరిగా తెగవు. ఈ విషయమున పాత రూపాయియే మేలు: 192 పైలు గనుక ఐదణాల నాలుగు పైలుగా మూడవవంతు తెగెడిది. 1957 నుండి రూపాయికి నూరు పైసలైనవి. ఒక పైస మిగులును. పైస పోయిన పోవును గాని గట్టు పోదు. కావున పత్రమున ముందుగా మూడవవంతనియే వ్రాయింపుడు. సెంట్ల అంకె, గొలుసు పట్టి కొలిచిన పిమ్మట, దాని ప్రక్కన వ్రాయవచ్చును.